నర్సింగం కాక చెరిపిన గీత

కువైట్‌లోని ఫింటాస్‌లో నేను క్షవరం చేయించుకునే దుకాణంలో టీవీ రిమోటు పోయి మూడు నెలలైంది. ఏ ఛానెల్ తగిలితే అదే చూడాలి. మొన్న శుక్రవారం మెడకు గుడ్డ కట్టించుకుని కళ్లు మూసుకున్నాను. ‘టక్’మని చప్పుడు, దాని వెనకే గాలి హోరు. కళ్లు తెరవకుండానే అది గోల్ఫ్ బంతి అని తెలిసిపోయింది. ఎక్కడో సముద్రపు ఒడ్డున పెద్ద పోటీ జరుగుతోంది. తలంతా నెరిసిన ఆటగాడొకాయన కొంచెం కుంటుతూ నడుస్తున్నాడు. ఆయనకు గెలిచే ఆశ లేదని తెర మీది అంకెలే చెబుతున్నాయి. అయినా కర్ర తిప్పినప్పుడు ఒంట్లో ఎక్కడా తొందర లేదు. దగ్గరి దెబ్బ తప్పిపోతే టోపీ తీసి జనానికి తల వంచి, తన వయసులో సగం కూడా లేని ప్రత్యర్థికి దారి ఇచ్చి పక్కన నిలబడ్డాడు. “యే బుడ్ఢా క్యా ఖేలేగా,” ఈ ముసలాడేం ఆడతాడంటూ మంగలి ఛానెల్ మార్చడానికి స్టూలెక్కబోయాడు. “రహనే దో భాయ్,” అని ఆపాను. ఓడిపోయి అంత అందంగా నిలబడిన మనిషిని నేను అంతకుముందు ఒక్కణ్ణే చూశాను. ఆయన పేరు నర్సింగం. ఆయనది నిజామాబాద్ వైపు, మాది జగిత్యాల దగ్గర. నేను కాకా అని పిలిచేవాణ్ణి.

కువైట్‌లో గోల్ఫ్ ఏమిటని మీరు నవ్వొచ్చు. నేనూ నవ్వాను. అమ్ఘరాలో నాలుగేళ్లు పాత ఇనుము మోసిన నన్ను మా కఫీల్, అంటే నా వీసా యజమాని, తీసుకొచ్చి, సముద్రానికి దగ్గర్లో ఉన్న తన చిన్న క్లబ్బులో పడేశాడు. నాకప్పుడు ముప్పై రెండేళ్లు. అక్కడ గడ్డిపోచ లేదు, అంతా ఇసుకే. బంతి పడాల్సిన గుంత చుట్టూ పచ్చిక ఉండాల్సిన చోట నూనె కలిపిన ఇసుకను గుండ్రంగా అణిచి చదును చేస్తారు. అడుగు వేస్తే ముద్ర పడుతుంది, బంతి దొర్లితే చార పడుతుంది. అవన్నీ చెరపడానికి తాడు కట్టిన తివాచీ ముక్క ఒకటి ఉండేది. దాన్ని మేం చాప అనేవాళ్లం. ఆ చాప లాగడమే నా ఉద్యోగం.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మొదటి రోజు నేను ఎండను కూడా లెక్కచేయకుండా లాగిందే లాగాను. అంచు నుంచి గుంత దాకా, మళ్లీ అంచు నుంచి గుంత దాకా. నీడలో కూర్చుని చూస్తున్న ఒక పెద్దాయన, ఆయనే నర్సింగం కాక, లేచి వచ్చి జేబులోంచి బంతి తీసి దొర్లించాడు. అది నేను లాగిన గాడిలోనే పోయి గుంతలో పడింది. నేను సంతోషించాను.

“గట్ల నవ్వకు కొడుకా, ఆట చెడగొట్టినవ్,” అన్నాడు. “నడుమకెళ్లి షురూ జెయ్యి. సుట్టు తిరుక్కుంట బయటికి రా. ఎవ్వలకూ దారి సూపొద్దు.”

నాలుగేళ్లలో నన్ను కొడుకా అని పిలిచినవాళ్లు ఎవరూ లేరు. గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. ఎవరి ఫోను వాళ్లది, ఎవరి చెవిలో వాళ్ల వైరు. మనుషుల మధ్య ఉండి ఒంటరిగా ఉండడం ఇనుము మోయడం కంటే బరువని నాకు అప్పటికే తెలుసు. అందుకే పని అయిపోయాక కూడా ఆయన వెంటే తిరిగేవాణ్ణి. తోకలా తిరుగుతున్నానని మిగతా పనివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. చేసుకోనీ.

కాక ఆ క్లబ్బులో ముప్పై ఏళ్లుగా పనివాడు. ఎప్పుడో ఒక ఇంజనీరు దేశం వదిలి వెళ్తూ తన పాత కర్రలు ఆయనకిచ్చాడట. వాటితోనే నేర్చుకున్నాడు. మోకాళ్లు పట్టేసినా, వంగితే నడుము కలుక్కుమన్నా, కర్ర పట్టుకుంటే మాత్రం ఆ నొప్పులన్నీ ఆయనకు దారిచ్చేవి. బంతి వంకరగా పోతే తిట్టుకునేవాడు కాదు. “పోనీ, గాలి గూడ ఆడుతది గదా,” అని దాని వెంట నడిచేవాడు. సాయంత్రాలు ఆ నడకలో నేను ఇంటి సంగతులన్నీ చెప్పుకునేవాణ్ణి. ఆయన ఊకొట్టేవాడు. అంతకు మించి నాకు ఎవరూ ఏమీ చేయనక్కర్లేకపోయింది.

ఏటా జరిగే పోటీలో పనివాళ్ల తరఫున ఒకరిని ఆడనిచ్చేవారు. ఆ ఏడు కాకకు అరవై మూడు. ఆ వయసులో ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, మళ్లీ కొట్టించడం కష్టమని, ఇక ఊరికి పంపించేస్తామని ఆఫీసులో చెప్పేశారు. పోటీకి ముందు రోజు కఫీల్ ఆయన భుజం తట్టి, కప్పు గెలిస్తే తానే ఆఫీసుల చుట్టూ తిరిగి ఇంకో ఏడాదికి ఇఖామా కొట్టిస్తానన్నాడు. నవ్వుతూ అన్నా, అన్న మాట తప్పే మనిషి కాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్క మంచం మీద కాక మాత్రం గురక పెట్టాడు.

చివరి గుంత దగ్గరికి వచ్చేసరికి ఇద్దరే మిగిలారు, కాకా, నిరుడు గెలిచిన ఒక కుర్ర మేనేజరూ. మేనేజరు ముగించేశాడు. కాక బంతి గుంతకు నాలుగడుగుల దూరంలో ఆగింది. ఒక్క దెబ్బలో పడితే గెలుపు. పడకపోతే ఇద్దరూ సమానం, సమానమైతే కప్పు నిరుటి విజేతకే అన్నది ఆ క్లబ్బు పద్ధతి. కాక బంతి ఉన్నచోట గుర్తు పెట్టి తీశాక, నేను చాప లాగాను. గుండ్రంగానే లాగాను. ఆఖరున మాత్రం బయటికి వస్తున్నట్టు నటించి, గుంత నుంచి ఆ గుర్తు దాకా చాప అంచును నొక్కి తిన్నగా ఈడ్చాను. సన్నటి గాడి. చాప లాగేవాడి కంటికి తప్ప ఇంకెవరికీ కనిపించదు.

కాక బంతి పెట్టి, గొంతుక్కూర్చుని ఆ గాడిని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి నా వైపు చెయ్యి చాపాడు.

“తాడిటియ్యి.”

అందరూ చూస్తుండగా మళ్లీ గుర్తు పెట్టి, ఆ పట్టేసిన మోకాళ్లతో గుంత దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ బయటికి వచ్చాడు. “యల్లా నర్సింగ్, యల్లా!” అని కఫీల్ నవ్వుతూ తొందరపెడుతున్నాడు. ముసలాయన చాదస్తం అనుకున్నారంతా. గాడి పోయింది. కాక కొట్టాడు. బంతి గుంత అంచును ముద్దు పెట్టుకుని పక్కనే ఆగింది. ఆయన టోపీ తీసి, మేనేజరు చెయ్యిని రెండు చేతులతో పట్టుకుని, “మబ్రూక్” అని అభినందించాడు. ఆ ముఖంలో ఏడుపు ఎక్కడైనా దాక్కుందేమోనని వెతికాను. లేదు.

కాక కుళాయి దగ్గర చేతులకంటిన నూనె కడుక్కుంటుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను. “తప్పయింది కాకా.”

“తెల్సే జేసినవ్ గదరా.”

“నువ్ పోతే నేనెవ్వలతోని మాట్లాడాలె?”

ఆయన సబ్బు పక్కన పెట్టాడు. “నాకు మాత్రం పోబుద్ధయితుందా? గా గీత సూసి గంత సేపెందుకు కూసున్న అనుకున్నవ్? పానం గుంజింది.”

“మరెందుకు చెరిపినవ్?”

“ముప్పై ఏండ్ల సంది అందరియి చెరిపిన. నా ఒక్కనిది ఉంచుకుంటె ఎట్ల?”

పది రోజులకు వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టులో నా తల మీద చెయ్యి పెట్టాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తుతాడు గానీ చెవులు పనిచేయవు. తిన్నావా అని అడిగి, జవాబు వినపడక, మంచిదని పెట్టేస్తాడు.

ఇప్పుడు నేను కువైట్‌లోనే సబ్హాన్‌లో ఒక గోదాముకు ఇన్‌చార్జిని. వచ్చిన సరుకు పగిలిందో, తక్కువైందో చూసి ఉన్నదున్నట్టు రాయడం నా పని. చూసీ చూడనట్టు పొమ్మని మనవాళ్లే బతిమాలుతారు. ఒప్పుకోను. ముక్కుసూటి మనిషినని పేరొచ్చింది, ఆ పేరుతోపాటు నాతో కలిసి టీ తాగేవాళ్లూ తగ్గారు. ఈ బుద్ధి కాక పెట్టిందే, దాన్ని వదులుకోలేను. కానీ శుక్రవారాలు గదిలో ఒక్కణ్ణే అన్నం వడ్డించుకున్నప్పుడు, ఎవరికీ చెప్పని మాట ఒకటి గొంతుదాకా వస్తుంది. ఆయన ఆ గీత మీదే కొట్టి ఉంటే బాగుండేది. ఇంకో ఏడాది నాతో ఉండేవాడు.