మామ్మగారికి నేను అంటగట్టిన పెదవి

ఎనిమిదేళ్ళుగా ఒక ముసలావిడ కొడుకు ఫోటో అనుకుని రోజూ సగం నాకు దణ్ణం పెడుతున్నారు. ఈ బరువు ఇన్నాళ్ళూ ఒక్కణ్ణే మోశాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెప్తున్నాను.

అమలాపురంలో నాది ఫోటో స్టూడియో. రీళ్ళు పోయి కంప్యూటర్లు వస్తున్న రోజుల్లో మా వీధిలో అందరికంటే ముందు నేనే కొన్నాను. పాత ఫోటోలకు రంగులద్దడం, ఎక్కడో దుబాయిలో ఉన్న మొగుణ్ణి తెచ్చి పెళ్ళాం పక్కన నిలబెట్టడం, పేర్లకు బంగారు పూత పూయడం నేర్చుకున్నాను. అందులో బాగా చేయి తిరిగాక, ఎనిమిదేళ్ళ కిందట వచ్చారు ఆ మామ్మగారు, ఉప్పలగుప్తం నుంచి. రొయ్యల చెరువు దగ్గర కరెంటు కొట్టి ఆవిడ కొడుకు పోయాడు. పెద్దకార్యం నాడు దండ వేయడానికి పెద్ద ఫోటో కావాలి. ఉన్నది ఒక్కటే. చిన్న అద్దం ఫ్రేములో పాస్‌పోర్టు సైజుది.

మా వైపు తేమకు ఫోటో అద్దానికి అంటుకుపోతుంది. అద్దంతోపాటే స్కాన్ చేయాలి. నాకు తెలియదా? తెలుసు. కానీ ఊడదీస్తే ఇంకా బాగా వస్తుందని లాగాను. ముక్కు కింద నుంచి ముఖమంతా పొరలు పొరలుగా లేచి, ఆనవాలు లేకుండా అద్దానికే ఉండిపోయింది.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. నా ఫోటో ఒకటి తెరిచి, నా పెదవులూ గడ్డమూ కత్తిరించి అతనికి అతికించాను. ఇంకొకరివి వాడితే ఎవరో ఒకరు పోల్చేస్తారని భయం; నా మూతిని ఎవరూ అంత పట్టించుకుని చూడరని ధైర్యం. మా నాన్నగారిది బట్టల కొట్టు. చీర మీద మరకుంటే అంచు చూపించమనేవారు. నేనూ అంచు చూపించాను: తల వెనక కాంతిచక్రం, కింద మబ్బులు, నీడతో సహా పైకి లేచినట్టుండే బంగారు అక్షరాల్లో అతని పేరు. ఆవిడకు చదువు రాదని నా తెలివికి తట్టలేదు. ఆవిడ నేరుగా మూతి వైపే చూశారు.

"మావోడి పెదవి ఇలాగుండదు బాబుగారూ. ఎడం పక్కకి కొంచెం వంకరండి."

"చిన్న ఫోటోలో నీడ పడి అలా కనపడేదండి మామ్మగారూ. పెద్దది చేస్తే అసలు రూపం బయటికొస్తుందండి."

"అంతేనంటారా?"

"ఆయ్, అంతేనండి."

"అంతేలెండి. కన్నదాన్ని నేనైనా, మిషన్ కంటే నాకెక్కువ తెలుస్తాదేంటి."

పాతది తేమకు పాడైపోయిందంటే అదీ నమ్మి, కొత్త ఫోటో కొంగుతో తుడుచుకుని పట్టుకెళ్ళారు. బేరాల్లో ఎందరినో దించాను, కొన్నిసార్లు నేనే దిగాను. ఒక తల్లి తన కళ్ళతో చూసిన ముఖాన్ని తనే కాదనుకునేదాకా దించింది మాత్రం ఆ ఒక్కసారే. అది గెలుపని అప్పుడెలా అనుకున్నాను?

మొన్న ఉప్పలగుప్తంలో ఆవిడ వీధిలోనే పెళ్ళి ఫోటోలకు వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని పక్కింటావిడతో చెప్తున్నారు: "మావోడి పెదవి గీత గీసినట్టు తిన్నగా ఉండేదమ్మా." నేను ఆగలేదు. ఆగి ఉంటే నా మూతి చూసేవారేమో.

రేపు పొద్దున్నే వెళ్తున్నాను. ఆ పెదవి నాదండి, మీరు ముందన్నదే నిజమండి, అంటాను. కొత్త ఫోటో చేసి తీసుకెళ్ళను. వంకర నేను గీస్తే అదీ నా చేతి పనే అవుతుంది, అతనిది కాదు. క్షమించమని అడగను, నా నోట అది కూడా బేరంలాగే వినిపిస్తుంది. ఫోటో దింపుతారో, నన్నే గుమ్మం దింపుతారో ఆవిడ ఇష్టం.

ఇంకొకటి మిగిలింది. ఇది రేపు అక్కడ నోరు పెగిలి చెప్పగలనో లేదో, అందుకే ముందు మీకు. అద్దం నుంచి లాగకముందు ఆ ఫోటోను దగ్గరగా చూశాను. పెదవి ఎడం పక్కకి వంకరగానే ఉంది. నీడ కాదు. అది తెలిసే ఆవిడతో అంతేనన్నాను.