తీసేసిన పేరు, మిగిలిపోయిన గది

రెండేళ్ల కిందటి వేసవి. హిందూపురంలో వెబ్ పేజీలు చేసిపెట్టడం నా పని. ఒకరోజు పొద్దున పెనుకొండలోని ఒక ప్రైవేటు డయాలసిస్ కేంద్రం నుంచి నర్సు సుజాతక్క ఫోన్ చేసింది. వెయిటింగ్ హాలు టీవీలో కొందరి పేర్లే వస్తున్నాయట. ఆ పేజీ రాసినతను ఎప్పుడో ఉద్యోగం మారిపోయాడు. అతన్ని తిట్టుకుంటూనే బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి అగళి నుంచి వచ్చిన ఓబుళమ్మ టీవీలో తన పేరు రాలేదని సంచి తీసుకుని ఇంటికి బయల్దేరుతోంది. కాళ్లు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. ఈ పూట డయాలసిస్ తప్పితే ప్రాణం మీదికొస్తుందని సుజాతక్క గుబులు పడుతోంది. ఎంత చెప్పినా ఆమె వినడం లేదు. ఒకప్పుడు తెలిసినవాళ్లను ముందు పంపేవారట. టీవీ పెట్టాకే వరస సరిగ్గా నడిచింది కాబట్టి ఆమెకు టీవీ మీదే నమ్మకం.

"నా పేరు యాడుంది పాపా? బతికుండేవాళ్లనే పిలుస్తాండారు. నేనేమన్నా సచ్చిపోయినానా?" అంది నాతో.

సుజాతక్క నన్ను పక్కకు పిలిచింది. ఆ ఉదయమే ఆమె ఒక పేరు తీసేసిందట.

"ధర్మవరం రామాంజన్నది. మగ్గం నేసేటాయన. రాత్రి పోయినాడు" అంది మెల్లగా.

పేజీ కోడు తెరిచి చూస్తే నాకు విషయం అర్థమైంది. పేర్లన్నీ ఒక అర్రేలో ఉంటాయి, అంటే వరసగా కట్టిన గదులన్నమాట. గదుల లెక్కను లెంగ్త్ అంటారు. నంబర్లు సున్నాతో మొదలవుతాయి కాబట్టి చివరి గది నంబరు లెంగ్త్ కంటే ఒకటి తక్కువ. 'తీసేయి' బటన్ వెనక ఆ పేజీ చేసినతను రాసింది డిలీట్. అది పేరు తుడుస్తుంది గానీ గదిని తీయదు, లెంగ్త్ తగ్గదు. పేర్లను వరసగా చూపించే స్క్రిప్టు ఆ ఖాళీ గదిలో పేరు దొరక్క అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాతి వాళ్లెవరూ తెరమీదికి రాలేదు. డిలీట్ బదులు స్ప్లైస్ రాసి, ఆ ఖాళీ గదినీ దాంతోనే తీసేశాను. అది పేరును గదితో సహా తీసేసి వెనకవాళ్లను ముందుకు జరుపుతుంది.

ఓబుళమ్మ పేరు కనబడింది. కానీ లోపల ఖాళీగా ఉన్నది రామాంజన్న మంచం ఒక్కటే. ఈ పొద్దుకు దానిమీద ఎవరినీ పడుకోబెట్టకూడదని సుజాతక్క అనుకుందట. అయినా ఉతికిన దుప్పటి తెచ్చి పరిచింది. ఓబుళమ్మకు సూది పెడుతూ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఎవరికి పేజీ చేసినా, ఇందులో పేరున్నవాళ్లలో ఒకరు చనిపోతే ఏం జరగాలని ముందే అడుగుతాను. అపశకునం మాటలెందుకని విసుక్కుంటారు. అయినా అడుగుతాను. పోయినవాళ్ల వెనక బతకాల్సినవాళ్లు కూర్చుని ఉంటారు.