మామ్మకు తగ్గిన రసాయనం

ఆ రోజుల్లో, అంటే బరంపురంలో ఎమ్మే సైకాలజీ చదువుతూ లోకంలో నాకర్థం కాని మనిషే లేదనుకున్న రోజుల్లో, మనుషుల ఏడుపూ నవ్వూ అన్నీ మెదడులోని రసాయనాలేనని నా గట్టి నమ్మకం. మనిషిని ముక్కలు చేసి కాదు, చుట్టూ ఉన్నవాళ్లతో కలిపి మొత్తంగా చూడాలని మా మేడం ఎంత మొత్తుకున్నా చెవికెక్కలేదు. (ముక్కలైతే పరీక్షలో రాయడం తేలిక.) సరిగ్గా అప్పుడే ఆ ఊళ్లోనే గోసాని నువాగాం పేటలోని మా ఇంట్లో మామ్మ, మా నాన్నగారి అమ్మ, అన్నం మానేసింది. పూటపూటా అన్నమే కావాలనే మనిషి! బుగ్గలు లోపలికి పోయాయి, జాకెట్లు వదులైపోయాయి. "అత్తకి ఏటయిందే? సదువుతన్నావు కదా, సెప్పు!" అని అమ్మ నా వెంటపడింది. మామ్మ దక్కదేమోనని నాకు లోపల ఒకటే దడ.

ఆ దడ పైకి కనబడకుండా "సెరటోనిన్ తగ్గింది" అని తేల్చేశాను. మనసుని కులాసాగా ఉంచే ఆ రసాయనం ఎండతోనూ అరటిపళ్లతోనూ పెరుగుతుందని ఎక్కడో చదివి, రోజూ పొద్దున్నే ఆవిణ్ణి డాబా మీద ఎండలో కూర్చోబెట్టి అరటిపళ్లు తినిపించాను. "ఏటే ఇది? నన్ను అప్పడంలాగ ఎండబెడతన్నావేటి?" అని గోల పెట్టేది. అన్నం మాత్రం ముట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఎదురింటి ఒడియా ముసలమ్మ మా ఇంట్లోకి రుసరుసలాడుతూ వచ్చింది. ఆవిడ మామ్మకి 'మకర'. మా వైపు ఆడవాళ్లు గుడిలో ఒకరి నోటికొకరు ప్రసాదం అందించుకుని ఈ స్నేహం కట్టుకుంటారు; ఆ తర్వాత పేర్లుండవు, చచ్చేదాకా ఒకరికొకరు మకరే. "మకరా! సుగరొచ్చింది నాకు, అన్నం మానమన్నాడు డాక్టరు నన్ను! నువ్వెందుకు మానేసినావు? పాగొళీ!" అని ఒడియాలో పిచ్చిదాన్ని చేసి తిట్టింది.

"నువ్వు తినంది నా గొంతులోకి ఎలా దిగుతాదే?" అంది మామ్మ తాపీగా.

నా సెరటోనిన్ మండా! రసాయనం తేడా చేసిన మాట నిజమే, అయితే అది మామ్మ ఒంట్లో కాదు, ఎదురింటావిడ ఒంట్లో! చివరికి డాక్టరు సరేనన్న సోడంబలి, అంటే రాగి అంబలి దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది. ఎదురెదురుగా కూర్చుని తాగుతుంటే చూసి, నేను వంటింట్లోకి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చాను.

ఇప్పుడు కౌన్సెలింగ్ కోసం నా దగ్గరికి ఎవరైనా వచ్చి తిండి సయించట్లేదంటే, రక్తపరీక్ష చేయించుకోమనే చెబుతాను. "మీ ఎదురింట్లో ఎవరుంటారండీ?" అని కూడా అడుగుతాను. వాళ్లు నన్ను ఎగాదిగా చూస్తారు. నాకేమో డాబా మీద అరటిపండు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వాగదు.