ఆరకూడని కొవ్వొత్తి

కేకు మీద కొవ్వొత్తులు వెలిగించే సమయానికి శకుంతల గారు వంటింట్లోకి వెళ్లిపోతారు. దేశం దాటి వచ్చి హామిల్టన్‌లో స్థిరపడ్డ మన తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరి పిల్లల పుట్టినరోజైనా ఇదే వరస. పాట మొదలయ్యేసరికి సింకు దగ్గర నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. "ఆంటీకి గిన్నెలంటే ప్రాణం" అని నవ్వుకునేవాళ్లం. సొంత కూతురు అక్షర పదో పుట్టినరోజునాడు కూడా ఆవిడ చేతులు సబ్బు నురగలోనే ఉన్నాయి.

చాలా ఏళ్లు నేను అది మొహమాటం అనుకున్నాను. కిందటి చలికాలం రాజారావు అనే గని కార్మికుడి దగ్గర నోరు విప్పాకే, అసలు సంగతి నాకూ చెప్పారు.

శకుంతల గారిది గోదావరి ఒడ్డున బొగ్గుగనుల ఊరు. ఇక్కడి యూనివర్సిటీలో గని కార్మికుల ఆరోగ్యం, భద్రత మీద నడిచే పరిశోధనకు ఆవిడే పెద్ద. పేరుకు పెద్దే గానీ కుర్చీలో కూర్చోరు. ఊపిరి కొలిచే యంత్రాన్ని వ్యాన్‌లో పెట్టుకుని, నర్సు ఫ్లోరెన్స్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, గనుల చుట్టూ తనే డ్రైవ్ చేసుకుంటూ తిరుగుతారు. షిఫ్టు దిగినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వెనక సీట్లో కూర్చుని, గొట్టంలోకి గుండెల నిండా ఊదాలి. మూడుసార్లు. తెర మీద గీత పడుతుంది. కాగితం మీద పేరుండదు, నంబరుంటుంది. ఫలితం ఆ మనిషికి తప్ప కంపెనీకి గానీ, వీసా ఆఫీసుకు గానీ పోదు. ఆ మాట వ్యాన్ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

గంటన్నర దూరంలోని ఒక బంగారు గని దగ్గర తీసిన గీతలు చూస్తూ ఆవిడ ఒకచోట ఆగిపోయారు.

"ఫ్లోరెన్స్, పదిహేడు, ముప్పై ఒకటి. ఈ రెండూ చూడు."

"బాగానే ఊదారు కదండీ మేడమ్. ఏం, కవలలా?"

"ఒకరికి నలభై ఏడు, ఒకరికి ఇరవై ఎనిమిది. చివర్లో ఇద్దరికీ ఒకేచోట అదే గతుకు."

ఫ్లోరెన్స్ నవ్వు ఆగిపోయింది. "ఆ రోజు షిఫ్టు మారే వేళండీ. అందరికీ హెల్మెట్లే, అందరి మొహాలూ దుమ్మే. కార్డు చూశాను గానీ మనిషిని చూడలేదు. అయినా మేడమ్, దొంగ ఊపిరి మీకెలా తెలిసిపోతుందండీ? ఎక్కడ నేర్చుకున్నారు?"

శకుంతల గారు ఆ రెండు కాగితాలూ విడిగా తీసి పెట్టారు. అది ఆవిడ నేర్చుకున్న విద్య కాదు, నేర్పిన విద్య.

తండ్రి మొగిలయ్య బాయి దిగే మనిషి, అంటే బొగ్గుగని కార్మికుడు. యాభై రెండేళ్లకు కూడా దృఢంగా ఉండేవాడు. తమ్ముడు వీరభద్రం ఇంటర్ తప్పి ఖాళీగా తిరుగుతున్నాడు. తండ్రి అన్‌ఫిట్ అని మెడికల్ బోర్డు రాస్తే కొడుక్కి ఉద్యోగం వచ్చే రోజులవి. శకుంతల అప్పుడు ఒక ఆస్పత్రిలో ఊపిరి పరీక్షల పని నేర్చుకుంటోంది. మూడు ఊదుళ్లూ ఒకేలా వస్తేనే డాక్టర్లు నమ్ముతారని, దొంగ ఊదుడు దొరికిపోయేది అక్కడేనని ఆమెకు తెలుసు. అందుకని రోజూ పొద్దున తండ్రి ఎదురుగా కొవ్వొత్తి వెలిగించి పెట్టేది.

"ఆర్పొద్దు నాయినా. మంట వంగాలె, అంతే. మళ్ల ఊదు."

"దీనికన్న బొగ్గు కొట్టుడు అల్కగుండె గదనే బిడ్డా."

తమ్ముడు గడప మీద కూర్చుని నవ్వేవాడు. "జర దగ్గు గూడ కలుపు నాయినా. ఉత్త ఊదుడు సప్పగున్నది."

మూడు నెలలకు మొగిలయ్య మంటను మూడుసార్లూ ఒకేలా వంచగలిగాడు. దగ్గు కూడా కుదిరింది. బోర్డు అన్‌ఫిట్ రాసింది. వీరభద్రం బాయి దిగాడు. రెండో ఏడు వానాకాలంలో, పగటి షిఫ్టులో గని పైకప్పు కూలి వీరభద్రం పోయాడు. కూలేముందు అది చప్పుడు చేస్తుంది. ముప్పై ఏళ్లు విన్న మొగిలయ్య చెవి అయితే పట్టేది.

ఆ తర్వాత ఆయన దగ్గు ఆగలేదు. హైదరాబాద్‌లో మూడుచోట్ల చూపించారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. బతికినన్నాళ్లూ ఆయన ఆ నేర్చుకున్న దగ్గే దగ్గాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. ఫోన్ ఎత్తితే హలో కన్నా ముందు అదే వినిపించేది. ఆయన పోయి ఆరేళ్లయింది. ఇప్పటికీ ఎక్కడైనా వ్యాన్ ఆపి ఇంజన్ కట్టేయగానే, వెనక సీట్లోంచి అది వినిపిస్తుందట.

"వెనక్కి తిరగనండీ," అన్నారు నాతో. "తిరిగితే ఎవరూ ఉండరు."

ఆవిడ ఒక్కరి దగ్గరే ఉండే పేర్ల జాబితాలో పదిహేడో నంబరు రాజారావు. అతనిదీ బొగ్గుగనుల ఊరే. ఒక ఆదివారం మధ్యాహ్నం శకుంతల గారు ఒక్కరే అతని ఫ్లాట్‌కు వెళ్లారు. తలుపు తీసిన ధీరజ్ అనే కుర్రవాడు ఆవిడను చూసి బిగుసుకుపోయాడు. ముప్పై ఒకటో నంబరు అతనే.

"మేడం... అన్న పండుకున్నడు."

లోపలి నుంచి రాజారావు వచ్చాడు. గది దాటేలోపు ఒకసారి ఆగి తలుపు చట్రం పట్టుకున్నాడు. "రాండ్రి మేడం. చాయ్ తాగుతరా?"

"పదిహేడో నంబరు మీద ఊదింది మీరు కాదు రాజారావు గారూ."

"నాదే తప్పు మేడం," ధీరజ్ అందుకున్నాడు.

"నువ్వూకోరా. అక్కా, మన దిక్కు ఊదుడంటే నౌకరీయే గదా. మీకు తెల్వదా? నా రెసిడెన్సీ కాగితాలు ఇంక వీసా ఆఫీసులనే ఉన్నయ్."

"వ్యాన్ తలుపు మీద రాసి ఉన్నది చదవలేదా?"

"చదివిన. అసొంటియి మన బాయిల కాడ గూడ శాన చదివిన."

అతను అక్కా అన్నప్పటి నుంచి ఆవిడకు తన ఊరి మాటే వచ్చింది. "రాతి దుమ్ముల ఇంకో రెండేండ్లు గిట్లనే ఉంటే రెసిడెన్సీ వస్తది. తీసుకునేటందుకు మీరుండరు."

"ఊకె బెదిరియ్యకుండ్రి అక్కా."

అప్పుడు ఆవిడ కూర్చుని కొవ్వొత్తి సంగతి మొదలుపెట్టారు. అక్షర తండ్రికి కూడా చెప్పని సంగతి. దగ్గు దాకా, పైకప్పు దాకా చెప్పారు. చాయ్ మీద మీగడ కట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

"తమ్ముని పేరేంది అక్కా?" అన్నాడు రాజారావు చివరికి.

"వీరభద్రం."

అతను గోడ పట్టుకుని లేచాడు. "మిషిని తెచ్చినరా?"

"వ్యాన్‌ల ఉన్నది."

ధీరజ్ చెయ్యిచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. శకుంతల గారు ముందు సీట్లో తెరకు ఎదురుగా కూర్చున్నారు. రాజారావు ఊదాడు. గీత కొంచెం లేచి, తొందరగా విరిగి, పడుకుంది. రెండోసారీ అంతే. మూడోది మొదటి రెండింటి మీద అచ్చం అతికినట్టు పడింది. మొగిలయ్య చేత మూడు నెలలు సాధన చేయించిన గీత అదే. రాజారావుకు దాన్ని ఎవరూ నేర్పలేదు.

వెనక దగ్గు వినిపించింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

ఈసారి ఆవిడ వెనక్కి తిరిగారు. సీట్లో మనిషి ఉన్నాడు. నుదురు తుడుచుకుంటూ ఆవిడవైపే చూస్తున్నాడు.

"ఎట్లున్నది అక్కా?"

"మంచిగ లేదు తమ్ముడూ," అన్నారు శకుంతల గారు.