కొత్తగా తెరిచినవాళ్ళకి కనిపించే మాట

కరెంటు పోయింది. బల్ల కింద యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. నా వేళ్ళు నన్నడక్కుండానే ఫైలు సేవ్ చేసేశాయి. నర్సీపట్నంలో వానాకాలం మధ్యాహ్నాలు ఇంతే, ఉరుము వినబడకముందే కరెంటు పారిపోతుంది. ఆ కీచు చప్పుడు వింటే చాలు, పక్కగదిలోంచి ఒక గొంతు కేకేసినట్టే ఉంటుంది: "ఒలే పద్మా, బేగి సేవ్ సేసీ! ఆ డబ్బా ఎంతోసేపు ఆగదు." పక్కగదిలో ఇప్పుడెవరూ లేరు. మేడమ్ పోయాక ఇది రెండో వానాకాలం. అయినా ప్రతిసారీ "చేసేశానండీ" అనబోయి ఆగిపోతాను.

మేడమ్ అంటే నూకరత్నం గారు. బస్ కాంప్లెక్స్‌కి వెళ్ళే రోడ్డులో, మందుల షాపు మేడ మీద ఆవిడ కంప్యూటర్ సెంటరు. పెళ్ళికాక ముందు విశాఖపట్నంలో ఏదో ల్యాబ్‌లో పనిచేసినప్పుడు ఈమాక్స్ అనే పాతకాలపు ఎడిటర్ ఒకటి ఆవిడకి పట్టుబడింది. రాతకోతలకి వాడే ప్రోగ్రామే, కానీ లిస్ప్ అనే భాష వస్తే దాన్ని మనకి కావలసినట్టల్లా మార్చుకోవచ్చు. ఆ భాష నిండా బ్రాకెట్లే. మొదటిసారి చూసినప్పుడు ఎవరో చేపలవల విప్పి తెరమీద ఆరేశారనుకున్నాను. తెలుగు టైపు చెయ్యడానికీ, పాత ఫాంట్లలో ఉన్నదాన్ని కొత్తదానిలోకి మార్చడానికీ మేడమ్ అందులో బోలెడు కమాండ్లు, మా మాటల్లో ఆజ్ఞలు, రాసి పెట్టారు. చుట్టుపక్కల టీచర్లూ, రాసుకునే అలవాటున్న పెద్దవాళ్ళూ వచ్చి వాటిని తమ కంప్యూటర్లలో వేయించుకెళ్ళేవారు.

డిగ్రీ అయిపోయాక నాతవరం నుంచి షేర్ ఆటోలో నలిగి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాను. కుర్చీ చూపించి పని చెయ్యమన్నారు. ఎలా చెయ్యాలండీ అని అడిగాను. "నన్నడక్కు, దాన్నడుగు. అడిగితే సెప్పడానికే ఉందది," అన్నారు. నిజమే, ఏ ఆజ్ఞ పేరు చెప్పి అడిగినా అదేం చేస్తుందో ఆ ఎడిటర్ నాలుగు ముక్కల్లో చూపించేది. మేడమ్ రాసినవాటికైతే తెలుగులోనే చూపించేది. సెంటర్లో అదొక ఆచారం. ముందు ఎడిటర్ని అడగాలి, అక్కడ అర్థం కాకపోతేనే మేడమ్‌ని అడగాలి. అప్పుడైనా ఆవిడ మనకి జవాబు చెబుతారా అంటే చెప్పరు. ఎడిటర్లో ఉన్న వివరణని తిరగరాసి, "ఇప్పుడడుగు" అంటారు. నోటితో చెబితే పోయేదానికి ఇంత తతంగమా అని మొదట్లో నాకు ఒళ్ళు మండేది. నాకొచ్చిన అనుమానం నా తర్వాత వచ్చేవాళ్ళకి రాకూడదని ఆవిడ తాపత్రయం. అది అర్థమయ్యేసరికి చాలా కాలం పట్టింది.

కొన్నాళ్ళకి ఆ వివరణలు రాసే పని నాకే అప్పగించారు. తెలుగు బాగా వచ్చునన్న గీరతో "ఈ ఆజ్ఞ పాఠ్యమందలి దోషములను నివారించును" అని రాశాను. మేడమ్ చదివి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఏటే ఇది, పెళ్ళి మంత్రమా? ఇక్కడికొచ్చి సదివేది ఎవులనుకున్నావు? భయపడతన్నోలు. ఇది నొక్కితే నాది పోతాదా, ఉంటాదా? ఆలకి అదొక్కటే కావాల. ముందది సెప్పు, నీ పాండిత్యం తర్వాత." ఆ రోజు నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి అమ్మ దగ్గర ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. మర్నాడు వచ్చి ఆవిడ చెప్పినట్టే రాశాను.

ఆ ఎడిటర్లో ఒక తమాషా ఉంది. తెరవగానే ఆజ్ఞలన్నిటినీ లోపలికి మోసుకురాదు, బరువైపోతుందని. ఒక్కోదాని పేరూ వివరణా నకలు తీసి గుమ్మం దగ్గర పెట్టుకుంటుంది. ఎవరైనా దాన్ని వాడినప్పుడే అసలు ఫైలు తెచ్చుకుంటుంది. అసలు ఫైల్లో వివరణ మార్చినంత మాత్రాన గుమ్మం దగ్గరి నకలు మారదు. దాన్ని మళ్ళీ తయారు చెయ్యమని విడిగా చెప్పాలి. చెప్పకపోతే "బోర్డు మీద పెసరట్టు, లోపల ఉప్మా" అని నవ్వుతూ నాకు నేర్పింది మేడమే. అంత తెలిసిన మనిషే ఒకసారి పొరబడ్డారు.

ఫాంటు మార్చినప్పుడు మిగిలిపోయే పిచ్చి గుర్తుల్ని తీసేసే ఆజ్ఞ ఒకటుండేది. అది పని మొదలుపెట్టేముందు పాత ఫైలు నకలొకటి పక్కన దాచేది. అది దాస్తుంది కదా అని, ఎడిటర్ తనంతట తాను తీసుకునే నకళ్ళని మేడమ్ ఎప్పుడో ఆపించేశారు. తర్వాత జనం కంప్యూటర్లు నిండిపోతున్నాయని ఈ నకలు దాచడం కూడా మాన్పించి, "పాతది ఉండదు, ముందు మీరే నకలు తీసుకోండి" అని వివరణ మార్చారు. తన లాప్‌టాప్‌లో అడిగి చూసుకున్నారు, కొత్త మాటే కనబడింది. కనబడదా మరి? ఆవిడ ఎడిటర్ని మూసేదెప్పుడు! వారాల తరబడి తెరిచే ఉంటుంది, అసలు ఫైలు అప్పటికే లోపల కూర్చుంది. గుమ్మం దగ్గరి నకలు మార్చడం మాత్రం మరిచిపోయారు. పెన్‌డ్రైవ్‌లో వేయించుకెళ్ళి కొత్తగా తెరిచినవాళ్ళందరికీ పాత మాటే కనబడింది.

అలా వేయించుకెళ్ళినవాళ్ళలో సుమిత్ర టీచరు ఒకరు. ఘాట్ రోడ్డు పైన, ఏజెన్సీ బడిలో పనిచేసేవారు. వాళ్ళమ్మ సోములమ్మ పాడే పాటల్ని, వాళ్ళ ఇంటి భాషలోనే తెలుగు లిపిలో రాసి, బడిపిల్లలకి పుస్తకం చెయ్యాలని ఆవిడ పట్టుదల. తెలుగులో లేని ధ్వనులకి కొన్ని గుర్తులు పెట్టుకున్నారు. పాటల ఫైలు ఫాంటు మార్చాక, ఆ ఆజ్ఞ వాడేముందు ఎడిటర్ని అడిగితే, "పాత నకలు పక్కన ఉంటుంది, నచ్చకపోతే వెనక్కి తెచ్చుకోవచ్చు" అంది. నమ్మి నొక్కారు. టీచరు పెట్టుకున్న గుర్తులన్నీ పోయాయి. గుర్తులెక్కువున్న వరుసల్ని చెత్త అనుకుని అది పూర్తిగా తుడిచేసింది.

టీచరు సెంటరు మెట్లెక్కి వచ్చినప్పుడు ముఖంలో కోపం లేదు. "నానే ఏదో తప్పు నొక్కీసేనేమో మేడమ్ గారూ. ఆ పాత నకలు ఎక్కడుంటాదో సెప్పండి, సాలు." మేడమ్ తన లాప్‌టాప్‌లో వివరణ చదివారు. ఏదో అనుమానం వచ్చి లేచి వచ్చి, నా కంప్యూటర్లో ఎడిటర్ని మూసి, మళ్ళీ తెరిచి చదివారు. అక్కడ పాత మాటే ఉంది. తర్వాత టీచరు వైపు తిరిగి, "నకలు లేదమ్మా. తప్పు నీది కాదు, నాది," అన్నారు. టీచరు కుర్చీలో కూలబడిపోయారు. ఆవిడ వెళ్ళాక, మేడమ్‌ని అలా చూడలేక, "ఆవిడైనా ఇంకో కాపీ దాచుకోవాలి కదండీ," అన్నాను. మేడమ్ నావైపు చూసిన చూపు మరిచిపోలేను. "ఆవిడ సదివే సేసింది పద్మా. సదివినోలదే తప్పంటే, రేపు ఎవులు సదువుతారు?"

ఆ చింతపండు సీజనంతా ఆదివారాలు మేమిద్దరం మొదటి బస్సెక్కి కొండ మీదికి వెళ్ళాం. మేడమ్‌కి మోకాళ్ళ నొప్పులు, ఘాట్ రోడ్డు మలుపులకి వాంతులు. ఒక్క వారం మానలేదు. సోములమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తూ పాడేది, టీచరు గుర్తులు చెప్పేవారు, మేడమ్ టైపు చేసి పైకి చదివి వినిపించేవారు. ఆవిడ ఉచ్చారణకి సోములమ్మ పడీపడీ నవ్వేది. "నీ నాలిక మొద్దు," అనేది వచ్చీరాని తెలుగులో. "మొద్దేనమ్మా, మల్లీ సెప్పు," అనేవారు మేడమ్. ఒక్కొక్కటే పాటలు వెనక్కొచ్చాయి. సామలు చల్లేటప్పుడు పాడే పాట ఒక్కటే మొదటి వరుస దగ్గర ఆగిపోయింది. చిన్నప్పుడు అక్క దగ్గర నేర్చుకున్నదట, ఆ అక్క ఎప్పుడో పోయింది; టీచరు మొదటిసారి రాసుకున్నప్పుడు పాడిందే, ఇప్పుడు గుర్తుకు రాలేదు. సోములమ్మ కళ్ళు మూసుకుని రాగం తీసేది, మాటలు మాత్రం అందేవి కావు. "ఉండు, ఒస్తాది," అనేది ప్రతివారం. రాలేదు. చివరి ఆదివారం దిగివస్తూ మేడమ్ బస్సు కిటికీ వైపు తిరిగి ఏడ్చారు. నా ఎదుట ఆవిడ ఏడవడం అదే మొదలు, అదే ఆఖరు. నేను చెయ్యి పట్టుకోవాల్సింది, ధైర్యం చాలలేదు.

పుస్తకం అచ్చయింది. సామల పాట పేజీలో ఆ ఒక్క వరుస వేసి, కింద మేడమ్ ఇలా రాయించారు: "ఈ పాటలో మిగతా మాటలు నా పొరపాటు వల్ల పోయాయి. తెలిసినవాళ్ళు నర్సీపట్నంలో నాకు చెప్పండి. నూకరత్నం." పిల్లల పుస్తకంలో ఇదెందుకండీ అని టీచరే బతిమాలారు. మేడమ్ వినలేదు. "ఏటీ రాయకపోతే, పాటంటే అంతే కాబోలనుకుంటారు పిల్లలు. అది అబద్దం కాదేటి?"

ఇప్పుడు సెంటరు నేను నడుపుతున్నాను. ఏ వివరణలో ఒక్క మాట మార్చినా గుమ్మం దగ్గరి నకలు మళ్ళీ తయారు చేయించి, ఎడిటర్ని పూర్తిగా మూసి, ఏమీ తెలియనిదానిలా తెరిచి, అడిగి చదువుతాను. "ఒక్క మాటకి ఇంత సెయ్యాలేటక్కా?" అని నా దగ్గర పనిచేసే అమ్మాయిలు నవ్వుతారు. నవ్వనీ.

మొన్న ఆ పుస్తకం రెండోసారి అచ్చుకి వెళ్తోందని సుమిత్ర టీచరు ఫోన్ చేశారు. "ఆ పేజీ ఉంచీదా, తీసీదా పద్మా? మేడమ్ గారు లేరు కదా," అన్నారు. ఉంచమన్నాను. ప్రూఫు రాగానే ఆ పేజీ తీసి, పుస్తకం కొత్తగా చేతికొచ్చిన పిల్లలా చదివాను. నాకు చెప్పండి, అంటోంది ఆ పేజీ. ఎవరైనా ఆ మాటలు గుర్తుపెట్టుకుని, కొండ దిగి, మా మెట్లెక్కి వస్తే వినడానికి ఆవిడ లేరు. మేడమ్ రాసిన వాక్యంలో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. దాని కింద ఇంకో వరుస చేర్చాను: "మేడమ్ ఇప్పుడు లేరు. పద్మకి చెప్పండి. సెంటరు అక్కడే ఉంది."