స్టూలు అడ్డం వేసిన షాపు

మా మేనత్తను ఆ షాపింగ్ సెంటర్లో అందరూ కత్తెరత్త అనేవారు. బట్టలు సరిచేసే షాపు ఆమెది. పొడవైన ప్యాంట్లు మడిచి కుట్టడం, పాడైన జిప్పులు మార్చడం, బిగుతైన చొక్కాలు వదులు చేయడం ఆమె పని. కత్తెర కంటే ఆమె నాలుక పదును. "నువ్వు తిండి తగ్గిస్తావా, నన్ను కుట్లు విప్పమంటావా?" అని వచ్చినవాళ్లను మొహం మీదే అడిగేది. తిట్లు తిని వెళ్లినవాళ్లే మళ్లీ ఇంకో ప్యాంటు పట్టుకుని వచ్చేవారు. ఆమె గురించి ఇలా నవ్వుతూ మొదలుపెట్టగలను గానీ నవ్వుతూ ముగించడం నా వల్ల కాదు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండిపోతుంది.

మామయ్య పోయాక అత్తకు ఆ షాపే ఆధారం. అమ్మానాన్నా లేని నన్ను పెంచింది కూడా ఆ షాపే. ఊరి చివరి ఇళ్ల మధ్య కట్టిన రెండంతస్తుల సెంటరు అది. నా చిన్నప్పుడు సాయంత్రమైతే మెట్ల మీద కాలు పెట్టడానికి చోటుండేది కాదు. తరవాత పెద్దరోడ్డు పక్కన చల్లగాలి యంత్రాలతో, కదిలే మెట్లతో ఓ మాల్ వెలిసింది. జనం అటు మళ్లారు. మావాళ్లు ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. ఫోటో స్టూడియో మూతపడింది, తరవాత బొమ్మల షాపు. దించిన షట్టర్లు చూసి, మెట్లెక్కబోయేవాళ్లు కూడా "ఇదంతా మూసేసినట్టున్నారు" అనుకుని వెనక్కి తిరిగేవారు.

అప్పుడు అత్త మిగిలినవాళ్లందరినీ పిలిచి ఒక కట్టుబాటు పెట్టింది. పగటిపూట ఎవరి షట్టరూ దిగకూడదు. ఎవరికైనా బయట పని పడితే గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసి వెళ్లాలి. స్టూలు కనపడితే పక్క షాపువాళ్లు చూసుకోవాలి. అలాగే జరిగింది. బేకరీ ఆయన మా జిప్పులు అమ్మాడు. మా పక్క షాపు కళ్లద్దాలాయన బేకరీలో కూర్చున్నాడు. బన్ను కొనుక్కోవడానికి వచ్చినవాళ్లకు ఆయన కళ్లు పరీక్షచేసి పంపుతున్నాడని అత్త ఎగతాళి చేసేది. సెంటరు మళ్లీ కాస్త ఊపిరి పీల్చుకుంది.

అందరికంటే ఎక్కువ సాయం అవసరమైంది ఆ కళ్లద్దాలాయనకే. ఆయన భార్యకు కిడ్నీలు పాడయ్యాయి. వారం వారం ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ అత్త తన గుమ్మానికి స్టూలు వేసి ఆయన షాపులో కూర్చునేది. అటూ ఇటూ తిరుగుతూ చూసుకోవచ్చు కదా అంటే ఒప్పుకునేది కాదు. "నా ప్యాంట్లు ఎక్కడికీ పోవు. అద్దాలు పగిలినవాడు గుమ్మం కూడా కనపడక తిరిగిపోతాడు" అనేది. ఆయన ఆమెను అక్కా అనేవాడు. ఆమె తమ్ముడూ అనేది.

ఇంతలో సెంటరు యజమాని చనిపోయాడు. కొడుకు వచ్చాడు. భవనమంతా ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌కు ఇచ్చేయాలని అతని ఆశ. పాత ఒప్పందాలు అడ్డొచ్చాయి. పొమ్మనలేక పొగబెట్టడం మొదలుపెట్టాడు. వరండాలో లైట్లు పోతే వేయించలేదు, మరుగుదొడ్డికి తాళం వేయించాడు. ఎవరూ కదల్లేదు. చివరికి ఒప్పందంలో ఓ మాట దొరికింది. వ్యాపారం వేళ షాపును మనిషి లేకుండా పదే పదే వదిలేస్తే వెనక్కి తీసుకోవచ్చు. ఇక ఫోన్ పట్టుకుని తిరగసాగాడు. స్టూలు కనపడితే చాలు, ఫోటో తీసేవాడు.

మేం నవ్వాం. "తీసుకో నాయనా, తల దువ్వుకుని వచ్చి నిలబడమంటావా?" అని అత్త పక్క షాపులోంచే కేకేసింది. స్టూలుందంటే మనిషి ఉన్నట్టేనని మా లెక్క. అది మాకు తప్ప ఇంకెవరికీ తెలియదన్న సంగతి మా ఎవరి బుర్రకూ తట్టలేదు.

ఒకరోజు అందరినీ ఖాళీ బొమ్మల షాపులోకి పిలిచి ఫోటోలు చూపించాడు. ఒకటీ అరా తప్ప అన్నీ అత్త షాపువే. కళ్లద్దాల షాపుది ఒక్కటీ లేదు. ఎలా ఉంటుంది? ఆస్పత్రి రోజుల్లో అందులో అత్త కూర్చుంది మరి! "ఈయన్ని చూసి నేర్చుకోండి. ఎప్పుడు చూసినా షాపులో మనిషి ఉంటారు" అని మెచ్చుకున్నాడు కూడా.

అత్త పకపకా నవ్వింది. "ఆ మనిషిని నేనేనయ్యా! చెప్పు తమ్ముడూ."

అందరం ఆయన వైపు చూశాం. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తల ఎత్తకుండానే, "నా షాపులో నేనే ఉంటానండీ" అన్నాడు.

ఒక్కరూ నోరు విప్పలేదు. బేకరీ ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు. అత్త కట్టుబాటు పెడితే ఆ నీడన బతికినవాళ్లే అందరూ! "ఏరు దాటి తెప్ప తగలేస్తారా? సిగ్గులేదా మీకు?" అని నేనే అరిచాను. ఎవరినీ వదలని నోరు గల మా అత్త మాత్రం ఆ రోజు ఒక్క మాట అనలేదు. నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఆ సెంటరువాళ్ల మౌనానికి నేను వాళ్లను ఎప్పటికీ క్షమించను.

షాపు యజమాని కొడుకు చేతికి పోయింది, కుట్టుమిషను ఇంటికి చేరింది. మా సందు వెతుక్కుంటూ వచ్చేది ఎందరు? అత్త కిటికీ దగ్గర ఊరికే కూర్చునేది.

కొన్నాళ్లకు కళ్లద్దాలాయన ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆ రోజు నిజం చెప్పడానికి నా నోరు పెగల్లేదక్కా. రేపు ఆస్పత్రికి వెళ్లాలి. ఒక్క పూట వచ్చి కూర్చుంటావా?"

ఆ మాటకు నాకు ఒళ్లు భగ్గుమంది. తలుపు మొహాన వేయబోతే అత్త అడ్డుపడింది.

"కూర్చుంటాను. ముందు ఆ యజమాని కొడుకు దగ్గరికెళ్లి, 'నేను లేనప్పుడల్లా మా అక్కే కూర్చునేది' అని చెప్పిరా."

"చెబితే నా షాపు పోతుందక్కా."

"నాది పోయింది కదా" అంది అత్త.

ఆయన వెళ్లిపోయాడు. మర్నాడు షట్టరు దించి భార్యను ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఆ తరవాతి వారాల్లోనూ అంతే. యజమాని కొడుకు ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. ఆ షాపు కూడా పోయింది. ఆ కబురు బేకరీ ఆయన మోసుకొచ్చాడు. "భార్యకేమో అలా ఉంది, ఈయనకేమో ఇలా అయింది, పాపం" అంటూ మా ఇంట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అప్పుడు లేచింది అత్త గొంతు. ఆ రోజు బొమ్మల షాపులో లేవాల్సిన గొంతు.

"పాపమా? వరసలో ఇంకా మిగిలింది నువ్వే కదా! నువ్వెందుకు వెళ్లి కూర్చోలేదు?"

"నేను కూర్చుంటే నాది ఖాళీగా ఉందని ఫోటో తీస్తాడు కదక్కా."

"మరి రేపు నీకే అవసరమొస్తే ఎవర్ని పిలుస్తావురా?" అంది అత్త.

ఆయన లేచి, లాక్కున్న కుర్చీని మళ్లీ దాని చోట పెట్టి వెళ్లిపోయాడు.