ఎడమ నుంచి నాలుగో ఆవిడ

జూన్ 15, ఆదివారం, ఉదయం పది గంటలు. హాజరు: కరాటే మాస్టారు, తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన వెబ్‌సైట్ డిజైనరు అమ్మాయి, ఆడవాళ్ల బ్యాచ్ తరఫున దెందులూరావిడ, నేను.

ఏలూరులో మా వీధి చివరి కరాటే స్కూలుకు వెబ్‌సైట్ తెరిచిన రోజు డైరీలో ఇలా రాసుకున్నాను. రిటైరయ్యాక ఆ స్కూలు హాజరు పుస్తకం నేనే చూస్తున్నాను. వెబ్‌సైట్‌లో ఫోటోల కింద వివరాలు రాసే పని కూడా నాకే అప్పగించారు. ఆడవాళ్ల బ్యాచ్ ఫోటో కింద, ఎడమ నుంచి కుడికి, ఏడుగురి పేర్లూ ఇంటిపేర్లతో, ఊళ్లతో సహా రాశాను. ఎవరినీ అడగలేదు.

మాస్టారు ఆ లింకును తెలిసినవాళ్లందరికీ పంపేశాక దెందులూరావిడ నన్ను వరండాలోకి పిలిచింది. నలభై దాటిన మనిషి.

"బాబాయిగారూ, నా పేరు తీయించెయ్యండి. ఫోటో కూడానండి."

"ఏమ్మా?"

"మోకాళ్ల నొప్పికి కరెంటు పెట్టించుకుంటున్నానని ఇంట్లో చెప్పి వస్తున్నానండి. మా ఆయనకి తెలిస్తే ఇంక మానెయ్యడమేనండి."

ఫోటో మొత్తం తీసేస్తే కొత్త ఆడవాళ్లెవరూ చేరరని మాస్టారు ఒప్పుకోలేదు.

"ఆవిణ్ణి ఒక్కర్నే చెరిపేస్తానండి. ఇంటికెళ్లి పెద్ద కంప్యూటర్లో చెయ్యాలి," అంది డిజైనరు అమ్మాయి. నా వైపు తిరిగి, "మీ లిస్టు చూసి ఓటర్ల జాబితా అనుకున్నానండి," అంది.

ఆ అమ్మాయి రైలెక్కింది. నాకు కాలు నిలవలేదు. భోజనానికి కూర్చుంటూ ఆ పేజీ తెరిచాను, ఆవిడ ఉంది. చెయ్యి కడుక్కుని తెరిచాను; ఉంది. నడుం వాల్చి, మళ్లీ లేచాను.

"ఏవండీ, ఆ ఫోనుకి జ్వరమొచ్చేలా ఉంది, పక్కన పెట్టండి," అంది మా ఆవిడ.

నాలుగున్నరకు చూస్తే మూడో ఆవిడకూ ఐదో ఆవిడకూ మధ్య ఉత్త గోడ. కింద ఆరు పేర్లు. ఆ సంగతి దెందులూరావిడకు ఫోన్ చేసి చెప్పాను. అయినా మనసు కుదుటపడలేదు. అప్పటికే ఎంతమంది చూసి ఉంటారో.

మర్నాడు ఉదయం ఆరున్నరకు హాలు తాళం తీస్తుంటే ఒకాయన మోటారుసైకిలు దిగాడు. రాత్రి కాపలా ఉండి చేపల చెరువు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది. దెందులూరావిడ భర్తనని చెప్పి ఫోన్ చూపించాడు. చేపల మేత అమ్మే కొట్టాయన నిన్న మధ్యాహ్నం పంపిన ఫోటో. అందులో ఏడుగురూ ఉన్నారు. తర్వాత మా పేజీ తెరిచాడు.

"నిన్న ఉందండి. ఇవాళ లేదు. ఏం తప్పు చేసిందని తీసేశారండీ?"

"తప్పేం లేదండి. ఆవిడే తీసెయ్యమంది."

"ఎందుకటండీ?"

తాళం తీసి జేబులో వేసుకున్నాను. "మీకు తెలిస్తే మానెయ్యాల్సి వస్తుందని," అన్నాను.

ఆయన ఫోన్‌లో ఆ గోడ ఉన్నచోట వేళ్లతో ఫోటో పెద్దది చేశాడు. "అలాగందాండీ," అన్నాడు.

ఇంతలో ఆవిడ స్కూటర్ మీద వచ్చి గేటు దగ్గరే ఆగిపోయింది. హెల్మెట్ తియ్యలేదు. ఆయన తన బండిని పక్కకు జరిపాడు.

"ఇక్కడ పెట్టు. నీడుంది," అన్నాడు.

ఆవిడ స్కూటర్ పెట్టి, ఆయన వైపు చూడకుండానే లోపలికి వెళ్లింది.

"ఎన్నింటికి అయిపోద్దండీ?" అని అడిగాడు.

ఎనిమిదింటికన్నాను. వరండా మెట్టు మీద కూర్చున్నాడు.